తొగవ కోట శిరస్సు

అసురసంధ్య!

పగలు ఇంకా చావలేదు... రాత్రి ఇంకా పుట్టలేదు! ఎదురుగా వచ్చేది మనిషో, మనిషి రూపం తొడుక్కున్న మరొకటో పోల్చుకోలేని ఆ పాడు ఘడియలో ఉత్తరపు కొండల జనం తలుపులు బిగించుకుని, పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని కూర్చుంటారు. ఆ సాయంత్రం దేవదారు అరణ్యం మీద ఆకాశం కాటుకకుండలా బోర్లపడి ఉంది. కొండచరియల అవతల ఉరుము బరువుగా పొర్లుతోంది. శిథిలమైన తొగవ కోట బురుజు మీంచి గుడ్లగూబ ఒకటి అరిచింది... ఆగింది... మళ్ళీ అరిచింది!

ఒరికు ఆ అరుపును పట్టించుకోలేదు. పట్టించుకునే ఓపిక ఆవిడలో లేదు. వాకిట్లో చన్నీళ్ళ బాన ముందు గొంతుక్కూర్చుని ముల్లంగి దుంపలు కడుగుతోంది. వయసు యాభై దాటింది. నడుము వంగింది. చేతివేళ్ళు మాత్రం ఇప్పటికీ దుంపను తిప్పుతూ, నిమురుతూ, చెవి వెనక మట్టి తీస్తున్నంత సున్నితంగా కదులుతున్నాయి. లోపల కోడలు ఒఫుజి వెదురు పుల్లలకు కాగితం అతికించి గొడుగులు చేస్తోంది. ఒరికు కొడుకు ఇహెయి సమురాయి వంశంలో పుట్టినవాడు. నడుముకు రెండు కత్తులున్నాయి. కొలవడానికి ప్రభువే లేడు! కోట కూలినప్పుడు వాడు పాలు తాగే పిల్లవాడు. ఇప్పుడు గొడుగులు అమ్ముకుంటూ, సారాకొట్లో తనలాంటి దిక్కులేని వీరులతో కూర్చుని ఏనాడో పోయిన వైభవాన్ని తలచుకుంటూ బతుకుతున్నాడు.

గల్... గల్... గల్...

ఇనుప కడియాలు వేలాడుతున్న చేతికర్ర చప్పుడు. ఇహెయి వెనకే ఒక మనిషి వాకిట్లోకి వచ్చాడు. పర్వత సన్యాసి వేషం. చింపిరి జడలు. కళ్ళు నిద్ర ఎరగని నిప్పుకణాలు! మొలకు ఒక కుక్క కపాలం వేలాడుతోంది. దాని కోరలు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, స్వామివారు వచ్చారు. కకుజెన్ స్వామి" అన్నాడు ఇహెయి. వాడి గొంతులో చాలా ఏళ్ళ తర్వాత ఉత్సాహం వినిపించింది. ఆ ఉత్సాహానికే తల్లి గుండె గుభేలుమంది.

"వచ్చాక చెబుతావేంరా. కాళ్ళు కడుక్కుని రమ్మను."

కకుజెన్ నవ్వాడు. "కడగడం నీకు బాగా వచ్చుగా, ముసలిదానా! కాళ్ళు కాదు... తలలు!"

ఒరికు చేతిలోని దుంప జారి నీళ్ళలో పడింది.

ఆ మాట ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. కొడుక్కి ఒక్కసారి, వాడు జ్వరంతో ఉన్నప్పుడు నోరు జారి చెప్పింది. వాడు దాన్ని సారాకొట్లో పారేసుకున్నాడన్నమాట!

"తప్పేముందమ్మా. వంశం కోసమే చెప్పాను" అన్నాడు ఇహెయి తల దించుకుని.

తొగవ కోట ముట్టడిలో ఉన్నప్పుడు, మగవాళ్ళు శత్రువుల తలలు నరికి తెచ్చి బురుజు కింద గదిలో పడేసేవారు. వాటిని కడగడం ఆడవాళ్ళ పని. నెత్తురు తుడవాలి, జుట్టు దువ్వి ముడి వేయాలి, మొహానికి పొడి అద్దాలి, దొరవారు చూడ్డానికి తగ్గట్టు సింగారించాలి. గొప్పింటి వీరుల పళ్ళకు నల్లరంగు ఉండేది. అందుకని కొందరు సైనికులు, "అక్కా, ఈ తలకి కూడా పళ్ళు నల్లచెయ్యవూ? పెద్దవాణ్ణి చంపానని బహుమానమిస్తారు" అని బతిమాలేవారు. ఒరికు నల్లచేసేది. ఆ తలల మధ్యే తినేది. ఆ తలల మధ్యే ఒరిగి కళ్ళు మూసుకునేది. మొదట్లో వాంతి చేసుకునేది... ఆ తర్వాత అదీ లేదు. చివరకు భయం కూడా అలసిపోయింది!

కకుజెన్ గుమ్మం మీద కూర్చుని, కర్ర అడ్డంగా పెట్టుకున్నాడు.

"కోట కూలిన రోజు తొగవ దొర పొట్ట చీల్చుకు చచ్చాడు. శత్రువులు బూడిద జల్లెడపట్టారు. మొండెం దొరికింది. శిరస్సు దొరకలేదు! నీ చేతుల మీదుగానే పోయింది. ఎక్కడ దాచావ్?"

"ముప్ఫై ఏళ్ళయింది స్వామీ. నాకేం గుర్తుంటుంది?"

"ఆ శిరస్సు నోట ఒక్క మాట వస్తే చాలు! ఆ కోట కింద చచ్చిపడిన వీరులంతా కత్తులతో లేస్తారు! చావులేని సైన్యం! రాజధాని ఎడోలో ఉన్న పాలకుడు కూడా గడగడలాడతాడు!"

"తొగవ ధ్వజం మళ్ళీ లేస్తుందమ్మా" అన్నాడు ఇహెయి. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నేను గొడుగులు అతికించడానికే పుట్టానా? నాకూ ఒక దొర ఉండొద్దా?"

ఒరికు కొడుకు మొహం చూసింది. కోప్పడదామనుకుంది. కోపం రాలేదు... అలసట వచ్చింది.

"చచ్చినవాళ్ళని పడుకోనివ్వండి నాయనా. వెళ్ళు స్వామీ. గంజి ఉంది, తాగి వెళ్ళు."

కకుజెన్ మొహంలో నవ్వు ఆరిపోయింది. మొల నుంచి కుక్క కపాలాన్ని విప్పి నేల మీద పెట్టాడు. పెదవులు కదిలాయి. అది మనుషుల భాష కాదు... ఏ దేవుడి భాషా కాదు! పిడుగు ఒకటి దేవదారు వనాన్ని నిలువునా తెల్లగా వెలిగించింది. ఆ వెలుగులో కపాలపు దవడలు తెరుచుకున్నాయి!

లోపలి నుంచి కేక!

ఒఫుజి వెల్లకిలా పడి ఉంది. వెన్ను విల్లులా వంగింది. కనుగుడ్లు పైకి తిరిగి తెల్లగా మెరుస్తున్నాయి. జిగురు గిన్నె తిరగబడింది. గొడుగు పుల్లలు ఆమె పిడికిట్లో పటపటా విరుగుతున్నాయి. గొంతులోంచి వచ్చేది ఆడమనిషి గొంతు కాదు!

"స్వామీ! ఇదేమిటి? నా భార్యకెందుకు? ఆపండి!" ఇహెయి గావుకేక పెట్టాడు.

"శిరస్సు ఇస్తే ఆపుతాను. చచ్చినవాడొకడు దాని ఒంట్లో దూరాడు. రేపు పొద్దుగూకే వేళకి ఊపిరి మొత్తం తాగేస్తాడు!"

ఇహెయి కత్తి దూశాడు. కకుజెన్ వేలు ఆడించాడు... అంతే! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. మరుక్షణం మోచేతి నుంచి వేళ్ళ దాకా నల్లబడి, ఎండుకట్టెలా వేలాడింది. కత్తి ఖంగుమని నేల మీద పడింది.

"నీ ధ్వజం నువ్వే మోసుకోరా, గొడుగులోడా!" అని వికటంగా నవ్వి, కకుజెన్ వాకిట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఒరికు కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. నుదుటికి తడిగుడ్డ వేసింది. ఆ తెల్లగుడ్ల కళ్ళు ఆవిడ వైపు తిరిగాయి. గరగరమనే మగగొంతు, ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టు పలికింది.

"ఒరికు... అక్కా..."

ఆ గొంతు ఆవిడకి తెలుసు!

"మగొషిచీ... నువ్వా?"

బల్లెం పట్టే కుర్రాడు. తలలు కడిగే గదికి నీళ్ళు మోసుకొచ్చి, లోపలికి చూడలేక గుమ్మంలోనే కడవ పెట్టి పారిపోయేవాడు. కోట పడిన రోజు ఉత్తరపు గోడ మీద చచ్చిపోయాడు.

"ఈ పిల్లని బాధపెట్టాలని రాలేదక్కా. వాడు లాగి పడేశాడు" అంది ఆ గొంతు. "కాళ్ళు... కాళ్ళు లాగేస్తున్నాయి. ఇంకా గోడ మీదే నించున్నాం. వానలో, మంచులో. అందరం."

"ఎందుకురా ఇంకా? యుద్ధం ఎప్పుడో అయిపోయిందిగా!"

"దిగమని ఎవరూ చెప్పలేదుగా." కోడలి పెదవులు వణికాయి. "దొరవారు 'నేను చెప్పేదాకా కదలొద్దు' అన్నారు. తర్వాత ఇంకేం చెప్పలేదు. ఆయన మాట లేకుండా ఎలా దిగుతాం?... నిద్రొస్తోందక్కా. చాలా నిద్రొస్తోంది."

ఒరికు ఇంకాస్త దగ్గరికి వంగింది. కోడలి చెంప మీద చెయ్యి వేసి, ఆ పొడిబారిన కళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. తనకు మాత్రం ఎవరు చెప్పారు చాలని? "నా తల శత్రువు చేతికి పోకుండా చూసుకో" అన్నాడు దొర, కత్తి పొట్టలో దింపుకునే ముందు. ఎంతకాలం చూసుకోవాలో చెప్పలేదు!

తెల్లవారాక ఆవిడ లేచి వెనక కొట్లోకి నడిచింది. ఊరగాయ తొట్ల వరసలో, చీకటి మూలన ఉన్న తొట్టి మీద రాళ్ళు ఒక్కొక్కటే దించింది. కోడలు కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ తొట్టి ముట్టుకోవద్దని చెప్పిందే తప్ప, ఎందుకో చెప్పలేదు. మూత తీసింది. పులిసిన సోయా ముద్ద, ఉప్పు వాసన గుప్పున కొట్టింది. రెండు చేతులూ మోచేతుల దాకా లోపలికి పోనిచ్చింది...

ఇహెయి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"ఈ తొట్టితోనే శత్రువుల కాపలా దాటాను" అంది ఒరికు, ఎవరితోనో అన్నట్టు. "ఒకడు ఆపి, వేలు ముంచి నాకాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు. ఏటా కొత్త ముద్ద పోస్తూనే ఉన్నాను."

ఆవిడ చేతుల మధ్య పైకి వచ్చింది తొగవ దొర శిరస్సు! ఏళ్ళ తరబడి ఉప్పులో ఊరి, నల్లచేవ కట్టెలా గట్టిపడి, చర్మం ఎముకను కరుచుకుని... కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు బిగించి ఉన్నాయి. ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు!

ఆ సాయంత్రం మళ్ళీ అదే సంధ్య. తొగవ కోట శిథిలాల మీద మేఘాలు మందలుగా కమ్ముకున్నాయి. కూలిన గోడల మధ్య ముళ్ళపొదలు, పచ్చటి పాకుడు పట్టిన కందకం. ఎండిన చెయ్యి వేలాడుతుండగా, మిగిలిన చేతి మీద ఇహెయి భార్యను మోసుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టాడు. ఆమె ఊపిరి దారంలా సన్నబడింది. కకుజెన్ కోట నడిబొడ్డున, ఒకప్పటి కొలువుకూటం నేల మీద, నెత్తుటితో మండలం గీశాడు. చుట్టూ నల్లతాడు కట్టాడు. నాలుగు దిక్కులా కొవ్వుదీపాలు... మధ్యలో ఎత్తుపీట!

"సిద్ధం చెయ్యవే ముసలిదానా! కొలువు తీరేవాడు కొలువుకి తగ్గట్టు ఉండాలి!"

ఒరికు కందకంలోంచి నీళ్ళు ముంచుకుంది. శిరస్సును ఒళ్ళో పెట్టుకుంది. చెవుల వెనక ముద్ద తీసింది. జుట్టు చిక్కు విప్పి, దువ్వి, నూనె రాసి ముడి వేసింది. మొహానికి పొడి అద్దింది. పెదవులు విప్పి పళ్ళకు నల్లరంగు పూసింది. ఎన్ని తలలు కడిగిన చేతులు! ఏ ఒక్కదానికీ ఆవిడ అంతవరకూ ఏమీ చెప్పుకోలేదు. ఇప్పుడు వంగి, ఆ చెవి దగ్గర మెల్లగా మాట్లాడింది.

"దొరా... నేను ఒరికును. మీ మాట నిలబెట్టాను. కానీ మీ వాళ్ళు ఇంకా గోడల మీదే నించున్నారు. మీరు దిగమని చెప్పడం మర్చిపోయారు. వాళ్ళ కాళ్ళు నెప్పులట. మగొషిచి చెప్పాడు. పాపం, చిన్నపిల్లాడు... నాకూ ఓపిక లేదు దొరా."

"ఏం గొణుగుతున్నావ్? ఇటు తే!"

కకుజెన్ శిరస్సును లాక్కుని పీట మీద పెట్టాడు. తాడు లోపలికి వెళ్ళి, కర్ర ఎత్తి, గొంతు చించుకుని మంత్రం మొదలెట్టాడు. దీపాలు నీలంగా మారాయి! గాలి సుడి తిరిగి ఎండుటాకుల్ని ఆకాశానికి ఎగరేసింది. గుడ్లగూబలు కట్టగట్టుకుని అరిచాయి! కందకం నీళ్ళు బుడబుడమన్నాయి... పాకుడు చీలింది...

ఒక చెయ్యి!

తుప్పుపట్టిన కవచం తొడిగిన చెయ్యి గట్టును పట్టుకుంది. వెనకే మరొకటి... మరొకటి! మట్టి చీల్చుకుని, గోడరాళ్ళ సందుల్లోంచి, ముళ్ళపొదల కిందినుంచి లేచారు తొగవ వీరులు! శిరస్త్రాణాల కింద మొహాలు లేవు. చీకటి మాత్రం ఉంది. విరిగిన బాణాలు వీపుల్లో ఊగుతున్నాయి. బురద కారుతున్న కాళ్ళు ఈడ్చుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుంటూ, నడుస్తూ నడుస్తూ వచ్చి మండలం చుట్టూ బారులు తీరారు. ఒఫుజి ఒంట్లోంచి నీలిపొగలాంటిది లేచి ఆ వరసలో చివర కలిసింది.

"హహ్హహ్హా! చూశావా గొడుగులోడా! నా సైన్యం!" కకుజెన్ శిరస్సు ముందు చేతులు చాపాడు. "తొగవ ప్రభూ! కళ్ళు తెరువు! నీ వీరులు ఇకనుంచి కకుజెన్ మాట వినాలని ఆజ్ఞాపించు!"

శిరస్సు కళ్ళు తెరిచింది.

ఉప్పు తిన్న ఆ కళ్ళు కకుజెన్‌ని చూడలేదు. అతని భుజం మీదుగా, అలా బారులు తీరి తూలిపోతున్న తనవాళ్ళని... చివర నించున్న బల్లెం కుర్రాణ్ణి... చాలాసేపు చూశాయి.

"పలకవేం? నా మంత్రానికి ఎదురు లేదు! పలుకు!" కకుజెన్ కర్రతో నేలను మోదాడు. "ప్రభూ! సెలవియ్యి!"

నల్లటి పళ్ళు విడివడ్డాయి. పొడి గొంతు ఒకటి కోట నాలుగు గోడలకూ తగిలేలా పలికింది.

"సెలవు."

ఉరుము ఆగింది. గాలి ఆగింది.

"అందరికీ... సెలవు. దిగండి. పడుకోండి." కాసేపటికి ఆ కళ్ళు ఒరికు వైపు తిరిగాయి. "నువ్వు కూడా, తల్లీ. ఆలస్యం చేశాను."

కళ్ళు మూసుకున్నాయి. శిరస్సు పీట మీదే ఇసుకలా రాలిపోయింది.

వీరుల బారుల్లోంచి ఒక నిట్టూర్పు లేచింది. చేతుల్లోంచి కత్తులు, బల్లేలు జారి పడ్డాయి. పడుకోవడానికి వాళ్ళందరూ ఒక్కసారి కదిలారు... దొర పీట చెంతకు, కొలువుకూటం నేల మీదికి! నల్లతాడు దారప్పోగులా తెగింది!

"ఆగండి! ఆగండి! నేను మీ ప్రభువుని! లేవండి!"

ఎవరూ వినలేదు. వాళ్ళకి కకుజెన్ మీద కోపం కూడా లేదు. నిద్ర ముంచుకొచ్చినవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఒరిగినట్టు ఒరిగారు. ఒకడు అతని పాదాల మీద తల పెట్టాడు. ఒకడు మోకాళ్ళకి ఆనుకున్నాడు. కకుజెన్ కర్రతో మోదాడు, కుక్క కపాలాన్ని విసిరాడు, శపించాడు, బతిమాలాడు! ఇనుప కవచాల బరువు నడుము దాకా వచ్చింది... రొమ్ము దాకా వచ్చింది. ఒకడు ఆవలించి, అతని భుజం మీద చెంప ఆనించి, మెడ చుట్టూ చెయ్యి వేశాడు!

"రక్షించండి! ఒరేయ్! ముసలిదానా! నన్ను..."

చివరగా మగొషిచి వచ్చాడు. ఖాళీ వెతుక్కుని, ఆ కుప్ప మీద, సరిగ్గా ఆ అరుస్తున్న నోటి మీద తల వాల్చి పడుకున్నాడు.

కేక ఆగిపోయింది. నేల మెత్తగా కుంగి, అందరినీ లోపలికి తీసుకుంది. కాస్త బురద మిగిలింది... అంతే!

వాన మొదలైంది. ఇహెయి చెయ్యి నెమ్మదిగా రంగు తిరిగింది, వేళ్ళు కదిలాయి. ఆ వేళ్ళతో వాడు చేసిన మొదటి పని నడుము నుంచి చిన్నకత్తి దూయడం! మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంగీ విప్పి పొట్ట బయటపెట్టాడు.

"అమ్మా, ఆ దుర్మార్గుణ్ణి ఇంటికి తెచ్చింది నేను. దొరవారి శిరస్సు వాడి చేతికి పోవడానికి కారణం నేను. సమురాయి పుట్టుక పుట్టినవాడికి ఇంకో దారి లేదు."

ఒరికు కదల్లేదు. రాయి మీద కూర్చున్న చోటు నుంచే కొడుకు వంక చూసింది. అరవలేదు, ఏడవలేదు.

"తర్వాత ఆ తల ఎవరు కడగాలి? నేనేనా?" అంది. "నా చేతుల్లో ఇంక ఓపిక లేదురా ఇహెయి. దొరవారు అందరికీ సెలవన్నారు. నువ్వు విన్లేదూ?"

"నేనాయన కొలువులో లేనుగా."

"ముప్ఫై ఏళ్ళుగా నువ్వు చేసిందేమిటి మరి? వాళ్ళతో పాటు ఆ గోడ మీద నించోడమేగా!"

ఇహెయి కత్తి గడ్డిలో పెట్టేసి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒరికు జరిగి వాడి పక్కన కూర్చుంది. ఓదార్చడానికి మాటలేమీ తట్టలేదు. తల వాడి భుజానికి ఆనించింది. అలాగే కళ్ళు వాలిపోయాయి.

గడ్డి మీద ఒఫుజి కదిలింది. లేచి కూర్చుని, చుట్టూ ఉన్న గోడల్ని, తడిసిన తన బట్టల్ని తెల్లబోయి చూసింది.

"ఇదేం చోటండీ? ఒళ్ళంతా నలగ్గొట్టినట్టుంది. ఆకలేస్తోంది... అత్తయ్యేంటి వానలో అలా నిద్రపోతున్నారు? తడిసిపోతారు, లేపండి!"

ఇహెయి తన అంగీ తీసి తల్లి మీద కప్పాడు.

"వద్దు. లేపకు" అన్నాడు.